నాటకానికి నాలుగు ఆటలు ఇవ్వండి

వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్లలో ఉగాది, దసరా, సంక్రాంతి వేడుకలు నడిపే తెలుగు సాంస్కృతిక కమిటీల పెద్దలకు,



వచ్చే ఉగాదికి ఏమేం చేయాలో మీ వాట్సాప్ గ్రూపుల్లో మాటలు ఎప్పుడూ కాస్త ముందుగానే మొదలవుతాయి. పంచాంగ శ్రవణం, పిల్లల డాన్సులు, సినిమా పాటల ఆర్కెస్ట్రా, టీవీ నుంచి ఒక యాంకర్, అరిటాకు భోజనం. ఆ జాబితాలో ఎక్కడో మధ్యన ‘హాస్యనాటిక, 20 నిమిషాలు’ అని ఒక వరుస ఉంటుంది. ఆ ఒక్క వరుస గురించే ఈ ఉత్తరం.

ఆ ఇరవై నిమిషాలు రాసి, తానే వేషం వేసుకుని వచ్చే మనిషి మీ పక్క బ్లాకులోనే ఉంటాడు. నాకు తెలిసిన ఒకతన్ని చూసి చెబుతున్నాను, పేరు చెప్పను. సొంతూరు ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. పగలు ఐటీపీఎల్ వైపు ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగు. కాలేజీలో నాటికలు ఆడాడు. నాటక పోటీలు నడిపే పరిషత్తులకు తిరిగాడు, బహుమతులు తెచ్చుకున్నాడు. ఉద్యోగానికి బెంగుళూరు వచ్చాక తనకు పనికొచ్చే నాటకం దొరక్క సొంతంగా రాయడం మొదలుపెట్టాడు.

ఒకరోజు అతని రిహార్సల్ చూశాను. క్లబ్‌హౌస్‌లో టేబుల్ టెన్నిస్ బల్లను గోడకు నెట్టి, రెండు ప్లాస్టిక్ కుర్చీలతో ఇల్లు కట్టుకున్నారు. పొలం అమ్మేద్దామని కొడుకు అడిగితే తండ్రి జవాబు చెప్పే ఘట్టం. తండ్రి వేషం ఇతనిదే. స్క్రిప్టులో ‘నువ్వు ఈ మాట అంటావని నేను ఏనాడూ అనుకోలేదు’ అని రాసి ఉంది. నోటితో అనేసరికి ఊపిరి మధ్యలో తెగింది. ‘ఇట్టా అంటావనుకోలేదురా’ అని మార్చి మళ్లీ అన్నాడు. బాగుంది కానీ ఇంకా ఏదో ఎక్కువైనట్టుంది. మూడోసారి ఆ మాటే తీసేసి, భుజం మీది తువ్వాలు తీసి దులిపి, మడిచి, కొడుకు వైపు వీపు తిప్పాడు. పక్కన నిలబడి చూస్తున్న సెక్యూరిటీ అతను కదలకుండా ఉండిపోయాడు. రచయిత అక్కడికక్కడే ఫోన్ తీసి స్క్రిప్టులో ఆ డైలాగు కొట్టేశాడు.

నటుడే రచయిత అయినప్పుడు జరిగే పని ఇది. ఏ మాట నాలుకకు అడ్డం పడుతుందో, ఏ మాట అవసరం లేకుండానే అర్థమవుతుందో వేదిక మీద నిలబడినవాడికే ముందు తెలుస్తుంది. కాకపోతే అది ఒక్క రిహార్సల్‌తో తెలిసిపోదు. ప్రేక్షకుల ముందు ఆడాలి, మర్నాడు మార్చాలి, మళ్లీ ఆడాలి. అతనికి మనం ఇచ్చింది మాత్రం ఏడాదికి ఒక సాయంత్రం, డాన్సులకూ లక్కీ డ్రాకూ మధ్యన.

ఈ మనిషి బతుకుబాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోతుందో మీ ముందు పెట్టాలని ఉంది. అందుకు కొంచెం వెనక్కి వెళ్లాలి, ఆ వెనక్కి వెళ్లడం కూడా ఈ కర్ణాటకలోనే.

మనం ఉంటున్న వైట్‌ఫీల్డ్ ఆంగ్లో ఇండియన్ల ఊరుగా మొదలైంది 1882లో. ఆ దశకంలోనే బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు అనే వకీలు తెలుగు నాటకానికి ఒక ఇల్లు కట్టారు. దాని పేరు సరస వినోదిని సభ. సభకు కావలసిన నాటకాలు తానే రాశారు, తానే నేర్పారు, తానే ముఖానికి రంగు వేసుకున్నారు. ‘చిత్రనళీయం’ రాసి అందులో బాహుకుడయ్యారు. నాటకం శుభంగానే ముగియాలని సంస్కృత సంప్రదాయం పట్టుబట్టిన రోజుల్లో ‘విషాద సారంగధర’ రాసి, కొడుకును శిక్షించే రాజరాజ నరేంద్రుడి వేషం తానే కట్టారు. దాదాపు 30 నాటకాలు ఆయన చేతి మీదుగా వచ్చాయి. ఆంధ్ర నాటక పితామహుడని లోకం ఆయన్ను ఊరికే పిలవలేదు. ఆయన 1853లో పుట్టి 1912లో పోయారు. మన తెలుగులో నటుడూ నాటకకర్తా ఒకే మనిషిలో కలిసి నిలబడితే ఎలా ఉంటుందో చూపించిన తొలి పెద్ద ఉదాహరణ ఆయనే అని నా నమ్మకం.

అదే ఊళ్లో, అదే కాలంలో, ఇంకో వకీలు కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభ పెట్టి చరిత్ర నాటకాలు రాశారు. విజయనగర పతనం మీద ఆయన రాసిన నాటకంలో పఠాన్ రుస్తుం వేషం వేసి పేరు తెచ్చుకున్నది మరో వకీలు, ధర్మవరం వారి మేనల్లుడు తాడిపత్రి రాఘవాచార్యులు. మనందరికీ బళ్లారి రాఘవ. 1880లో తాడిపత్రిలో పుట్టారు. అదే ఏడు రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తన విద్యార్థుల చేత ‘వ్యవహార ధర్మబోధిని’ ఆడించారు. వకీళ్ల మోసాలను ఎండగట్టిన నాటకం అది, ప్లీడరు నాటకమనే జనం చెప్పుకున్నారు. వకీళ్ల మీద రాసిన నాటకంతో వేదికెక్కిన తెలుగు నాటకాన్ని తర్వాత బళ్లారిలో భుజాన మోసింది వకీళ్లే కావడం నాకు ఎప్పుడు తలుచుకున్నా ముచ్చటగా ఉంటుంది.

రాఘవ పగలు కోర్టులో వాదించేవారు, రాత్రి షేక్స్పియర్ ఆడేవారు. ఆడవాళ్ల వేషాలు ఆడవాళ్లే వేయాలని పట్టుబట్టి కొమ్మూరి పద్మావతీదేవి లాంటివాళ్లతో కలిసి నటించారు. గాంధీజీ 1927లో బెంగుళూరు ప్రాంతంలో విశ్రాంతి తీసుకుంటున్నప్పుడు ఆయన ముందు హిందీలో ‘దీనబంధు కబీర్’ ఆడారు. 1928లో ఇంగ్లండు వెళ్లి బెర్నార్డ్ షాను కలిశారు. పాత పద్యాల దగ్గరే ఆగిపోకుండా కొత్త సాంఘిక నాటకం కావాలని వెతికి, పి.వి.రాజమన్నార్ రాసిన ‘తప్పెవరిది’ని వేదిక ఎక్కించారు. ఆ రాజమన్నార్ కూడా వకీలే. తర్వాత మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు, కేంద్ర సంగీత నాటక అకాడమీకి తొలి అధ్యక్షుడూ అయ్యారు.

ఇంతమంది వకీళ్ల పేర్లు ఎందుకు చెప్పానంటే, వాళ్ల నాటకానికి ఖర్చు పెట్టింది వాళ్ల నల్లకోటు. కోర్టు సాయంత్రానికి ముగుస్తుంది. వేసవిలో సెలవులు. జూనియర్లు ఉంటారు. సాయంత్రాలు వాళ్ల చేతిలో ఉండేవి, ఆ సాయంత్రాలనే నాటకానికి ఇచ్చారు. వాళ్ల తర్వాత ఆ పనిని బ్యాంకు గుమాస్తాలు, టీచర్లు, ఆర్టీసీ వాళ్లు, ఎల్ఐసీ వాళ్లు అందుకున్నారు. ఆరింటికి ఆఫీసు మూసి, ఏడింటికి రిహార్సల్. పరిషత్తు నాటకం ఈ ఆరూ ఏడూ మధ్యనే బతికింది.

వైట్‌ఫీల్డ్‌లో ఆ లెక్క కుదరదు. ఇక్కడ రాత్రి తొమ్మిది గంటలకు అమెరికా వాళ్లతో కాల్ మొదలవుతుంది. నేను చూసిన రిహార్సల్‌లోనే కొడుకు వేషం కుర్రాడు చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, తన డైలాగు వచ్చినప్పుడు మ్యూట్ నొక్కి చెప్పి, మళ్లీ కాల్‌లోకి వెళ్లిపోయాడు. తల్లి వేషం అమ్మాయి వర్తూరు కోడి దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని, వచ్చేసరికే క్లబ్‌హౌస్ మూసే వేళయింది. వీళ్లకు అభిమానం తక్కువై కాదు. తాతల నాటి పద్ధతిలో, ఉద్యోగం మిగిల్చిన సమయంలో నాటకం చేసుకోమంటే ఈ ఊళ్లో ఉద్యోగం మిగిల్చే సమయమే లేదు. సమయం కొనాల్సిందే. మరి కొనేదెవరు?

ఇన్నాళ్లూ కొన్నది సినిమా. ఆచార్య ఆత్రేయ ‘ఎన్జీవో’, ‘కప్పలు’ రాసి తెలుగు నాటకాన్ని మధ్యతరగతి ఇంటి వరండాలోకి తెచ్చిన మనిషి, 1951లో ‘దీక్ష’కు పాట రాసినప్పటి నుంచి సినిమా మనిషయ్యారు. ‘కొడుకు పుట్టాల’ రాసిన గణేశ్ పాత్రో ‘మరో చరిత్ర’, ‘రుద్రవీణ’ లాంటి సినిమాల మాటల రచయితగా మనకు మిగిలారు. ‘కళ్లు’ నాటకం రాసిన గొల్లపూడి మారుతీరావును 1982 తర్వాత జనం గుర్తుపట్టింది సినిమా నటుడిగానే. తనికెళ్ల భరణి నాటకాలు రాసి, ఆడి, 1986లో ‘లేడీస్ టైలర్’కు మాటలు రాసి, 1989లో ‘శివ’తో నటుడిగా నిలబడ్డారు. వీళ్లలో ఎవరినీ నేను తప్పుపట్టను. ఇల్లు గడవాలి, అన్నం పెట్టిన చోటికి మనిషి వెళతాడు. వాళ్ల వల్ల మన సినిమా మాట నేర్చుకుంది, అది మనకు లాభమే. కానీ నలభై ఏళ్లు వచ్చేసరికి, అంటే నాటకకర్త చేయి బాగా తిరిగి అసలైన నాటకాలు రాయాల్సిన వయసుకు, వాళ్లు వేదిక దగ్గర లేరు. ఆత్రేయ నలభై అయిదో ఏట రాసి ఉండాల్సిన నాటకం మనకు లేదు. ఆ లోటు నాకు ఒక మనిషి దూరమైనంత బాధ కలిగిస్తుంది.

మన దగ్గర ఈ బాటకు మొదటి మెట్టు ఉంది. కాలేజీ పోటీలు, పరిషత్తులు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనూ రంగస్థల కళల శాఖలు. చివరి మెట్టు సినిమా, ఇప్పుడు దానికి తోడు ఓటీటీ. మధ్యలో మెట్లు లేవు. ముప్పై ఏళ్ల నటుడు నాటకం మీదే పదేళ్లు నిలదొక్కుకునే చోటు లేదు. పరిషత్తులో ఒక నాటిక ఆడాలంటే సెట్టుకు, మేకప్‌కు, వ్యాన్‌కు ఆ సమాజం వాళ్లే జేబులోంచి పెట్టుకుంటారు. బహుమతి వస్తే సగం తిరిగొస్తుంది. రచయితకు దక్కేది శాలువా.

మనం ఉంటున్న రాష్ట్రం మధ్యలోని ఆ మెట్లు కట్టింది. 1989లో మైసూరులో ప్రభుత్వం రంగాయణ పెట్టింది. బి.వి.కారంత్ నాయకత్వంలో నటులకు నెల జీతం ఇచ్చి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా నాటకమే ఉద్యోగంగా చేయించింది. తర్వాత ధార్వాడ, శివమొగ్గ, కలబురగిలకూ అది పాకింది. మలెనాడులో హెగ్గోడు అనే చిన్న పల్లెలో కె.వి.సుబ్బణ్ణ 1949లో నీనాసం మొదలుపెట్టారు, 1980లో అది నాటక శిక్షణాలయం అయింది, 1985 నుంచి ‘తిరుగాట’ పేరుతో ఒక బృందం ఏటా కొత్త నాటకాలతో కర్ణాటకంతా తిరుగుతోంది. ఒకే నాటకాన్ని ఊరు మార్చి ఊరు ఆడుతూ పోతే నటుడిలో ఏం జరుగుతుందో వాళ్లకు తెలుసు. ఇక జె.పి.నగర్‌లో శంకర్ నాగ్ జ్ఞాపకంగా అరుంధతీ నాగ్ 2004లో తెరిచిన రంగశంకర నాటకశాల సంగతి మీకు చెప్పక్కర్లేదు. రోజుకో నాటకం వాళ్ల లక్ష్యం. టికెట్టు కొని వెళ్లాలి. గంట కొట్టాక వచ్చినవాడు ఎంతటివాడైనా బయటే.

ఆ రంగశంకరకు మనం ట్రాఫిక్ దాటుకుని వెళ్లడం కష్టమే, ఒప్పుకుంటాను. కానీ వైట్‌ఫీల్డ్‌కు సొంత నాటకశాల ఉంది. వర్తూరు రోడ్డులో రామగొండనహళ్లి దగ్గర జాగృతి థియేటర్. 1982 నుంచి ఆర్టిస్ట్స్ రెపర్టరీ థియేటర్ నడిపిన అరుంధతీ రాజా, జగదీశ్ రాజా దంపతులు 2011లో దాన్ని తెరిచారు. దాదాపు 200 సీట్లు. వేదిక ప్రేక్షకుల్లోకి చొచ్చుకొచ్చి ఉంటుంది, నటుడు మైకు లేకుండా మామూలు గొంతుతో మాట్లాడినా వెనక వరుసకు వినపడుతుంది. అక్కడ ఎక్కువగా ఇంగ్లిష్ నాటకాలు ఆడతారు. మన కాలనీల్లో ఇన్ని వేల తెలుగు కుటుంబాలు ఉండగా, ఆ వేదిక మీద తెలుగు మాట క్రమం తప్పకుండా వినపడేలా చేయడం మనవల్ల కాని పని కాదు.

ఇప్పుడు మీ వేదిక సంగతి. కోపం లేకుండా చెబుతున్నాను, వినండి. పైన చెప్పిన నాటిక ఒక వేడుకలో చూశాను, అది ఏ అపార్ట్‌మెంటో అనవసరం. ముందు రెండు స్టాండు మైకులు. తండ్రీ కొడుకులు ఎక్కడ నిలబడాల్సినవాళ్లు అక్కడ నిలబడితే వినపడదు కాబట్టి ఇద్దరూ మైకుల దగ్గరికి వచ్చి పక్కపక్కన నిలబడ్డారు, దాంతో వీపు తిప్పే ఆ ఘట్టం పోయింది. సగంలో భోజనాలు మొదలయ్యాయని వెనక నుంచి అనౌన్స్‌మెంట్. స్పాన్సర్‌కు జ్ఞాపిక ఇవ్వాలని చివరి అయిదు నిమిషాలు కత్తిరించమన్నారు. పొలం అమ్మారో లేదో చూసినవాళ్లకు తెలియనే లేదు. నిర్వాహకులు చెడ్డవాళ్లేం కాదు, రాత్రి పన్నెండు దాకా కుర్చీలు సర్దింది వాళ్లే. కానీ ఆ పద్ధతిలో ఏ నాటకమూ బతకదు. అలాంటి చోట నిలిచేది అరిచి చెప్పే జోకు ఒక్కటే. అందుకే మన వేడుకల్లో అన్నీ హాస్యనాటికలే అయ్యాయి.

నేను అడిగేది ఇది. ఏడాదికి ఒక్క నాటకం, పూర్తి నిడివి తెలుగు నాటకం, మీ కమిటీలు నాలుగైదు కలిసి రాయించండి. రాయమన్న రోజే రచయితకు అడ్వాన్సు ఇవ్వండి. ఇంటి ఇంటీరియర్‌కు డిజైనర్ దగ్గరికి వెళ్లినప్పుడు ముందు డబ్బు ఇవ్వడం మనకు కొత్త కాదు. ఎన్ని ఆటలు ఆడితే అన్ని ఆటలకూ అతనికి రాయల్టీ ఉండాలి, నటుడిగా వేషం వేస్తే దానికి పారితోషికం వేరే. మీ మల్టీపర్పస్ హాలు రిహార్సల్స్‌కు రెండు నెలలు అద్దె లేకుండా ఇవ్వండి. ఆపైన జాగృతి లాంటి నిజమైన నాటకశాలలో వరసగా రెండు వారాంతాలు, నాలుగు ఆటలు.

నాలుగు ఎందుకంటే, మొదటి ఆటలో నటుడు బెదురుతాడు. రెండోదాంట్లో ప్రేక్షకులు ఎక్కడ దగ్గారో, ఎక్కడ ఊపిరి బిగబట్టారో వింటాడు. మధ్యలో వారం దొరుకుతుంది, రచయితగా కూర్చుని దిద్దుకుంటాడు. మూడో ఆట కొత్త నాటకం. నాలుగోది చూసినవాడు ఇంటికి వెళ్లి పక్కింటివాడికి చెబుతాడు, అయిదో ఆట అడిగేది వాళ్లే.

డబ్బు లెక్క కూడా చూద్దాం. టికెట్టు 300 రూపాయలు అనుకుంటే, 200 సీట్లకు నాలుగు ఆటలకు 2,40,000. సగం సీట్లే నిండాయనుకున్నా 1,20,000. హాలు అద్దె, లైట్లు, ఆహార్యం పోగా ఆరుగురు నటులకు ఎంతో కొంత చేతికి వస్తుంది. చాలకపోతే కమిటీ కలుపుతుంది. ఉగాది రోజు ఆర్కెస్ట్రాకు మీరు పెట్టేదెంతో మీ బడ్జెట్ కాగితం మీకే చెబుతుంది, అందులో ఒక ముక్క ఇటు జరిపితే సరిపోతుంది. ఉచిత పాసులు మాత్రం దయచేసి వద్దు. పాసు మీద వచ్చిన ప్రేక్షకుడు మధ్యలో లేచి వెళ్లడానికి వెనకాడడు, 300 పెట్టినవాడు చివరిదాకా కూర్చుంటాడు. టికెట్టు డబ్బులోంచి వచ్చిన అయిదు వేలు చేతిలో పడిన రోజు ఆ నటుడు తన ఇంట్లోవాళ్లకు చెప్పుకోగలిగే మాట ఒకటి ఉంటుంది. శాలువా ఇంటికి తీసుకెళితే ఆ మాట రాదు.

ఇది మనం కొత్తగా కనిపెట్టే పద్ధతేం కాదు. షేక్స్పియర్ నటుడు, నాటకకర్త. ఆయన బాగా బతికింది స్క్రిప్టులు అమ్మి కాదు. 1594 నుంచి లార్డ్ చాంబర్లెయిన్స్ మెన్ అనే నాటక బృందంలో వాటాదారు, గేటు దగ్గర వచ్చిన డబ్బులో ఆయనకు భాగం. మన సురభి వాళ్లు 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలుపెట్టి తరాల తరబడి కుటుంబాలకు కుటుంబాలే నాటకం మీద బతికింది కూడా టికెట్టు కొన్న జనం వల్లే. పడిపోయిన కాలంలో కష్టపడ్డదీ ఆ జనం తగ్గినందుకే.

తెలుగు నాటకం చూసేవాళ్లు బెంగుళూరులో లేరని మీలో కొందరు అంటారు. వయ్యాలికావల్‌లో తెలుగు విజ్ఞాన సమితి వారి కృష్ణదేవరాయ కళామందిరానికి ఒక పద్యనాటకం రోజు వెళ్లి చూడండి. పద్యం ఎత్తుకోగానే ముందుకు వంగి కూర్చునే పెద్దవాళ్లు కనిపిస్తారు. వాళ్ల పిల్లలే వైట్‌ఫీల్డ్‌లో ఉంటున్నది. ఆ పిల్లలకు పద్యం పట్టకపోవచ్చు. ఈఎంఐ, లేఆఫ్, ఊళ్లో ఒంటరిగా ఉన్న తల్లి, ఇంగ్లిష్‌లోనే జవాబు చెప్పే కూతురు, ఇవన్నీ వేదిక మీద కనిపిస్తే తప్పకుండా పడతాయి. వాటిని రాయగలిగినవాళ్లు మన మధ్యనే ఉన్నారు, రాసినదాన్ని తామే ఆడి చూపించగలరు. ఇంకో రెండేళ్లు ఇలాగే గడిస్తే వాళ్లలో ఒకరు హైదరాబాదు బస్సెక్కి వెబ్ సిరీస్ ఆఫీసుల చుట్టూ తిరుగుతారు, ఇంకొకరు స్క్రిప్టు మూసేసి ప్రమోషన్ చూసుకుంటారు. రెండూ వాళ్లకు మంచివే కావచ్చు, మనకు మాత్రం నాటకం ఉండదు.

ఏప్రిల్ 16 తెలుగు నాటకరంగ దినోత్సవం. కందుకూరి పుట్టినరోజది. 1946లో బళ్లారి రాఘవ కన్నుమూసింది కూడా ఏప్రిల్ 16నే. ఉగాది ఎప్పుడొచ్చినా ఆ తేదీ దాని వెనకే వస్తుంది కాబట్టి రెండు పనులూ ఒకే బడ్జెట్‌లో కుదురుతాయి. దానికి దగ్గరి రెండు వారాంతాలకు హాలు ఇప్పుడే మాట్లాడి పెట్టండి, ఆలస్యమైతే తేదీలు దొరకవు. రచయితకు కనీసం ఆరు నెలల ముందు చెప్పండి. టికెట్లు అమ్మే పని మా అపార్ట్‌మెంట్ వరకు నేను చూసుకుంటాను. మిగతా కమిటీల వాళ్లు ఒక ఆదివారం పొద్దున ఎక్కడ కలుద్దామంటే అక్కడికి వస్తాను, వచ్చేటప్పుడు ఆ రచయిత చేత స్క్రిప్టు పట్టించుకుని వస్తాను. మొదటి అంకం చదివి వినిపిస్తాడు, విన్నాక మీరే నిర్ణయించండి.

భవదీయుడు,
ఒక నాటకాభిమాని
ఇమ్మడిహళ్లి, వైట్‌ఫీల్డ్